గొలుసు కుట్టు

ఇరులికి ఉక్కు కవచం ఉంటదత్తా, అంది హెప్సీబా,
నూట పన్నెండో పేజీలో వేలు పెట్టి.
మనకి ఉక్కెక్కడిదే,
ఉన్నదల్లా నలభయ్యో నంబరు దారం, లేసు సూది.

అయితే దాంతోనే అల్లు, అంది.

కొబ్బరి పొత్తి నానబెట్టి భుజాలకి వంచింది.
రొయ్యల చెరువు గట్టున దొరికిన
విరిగిన ఏరేటరు రెక్క డాలయింది.
గోడ మీద బొగ్గుతో ఇరులిని నిలబెట్టింది,
మొహం మటుకు ఖాళీ.
రాసినాయన ఎక్కడా చెప్పలేదంట.

నేను గొలుసులు వేశాను.
ముప్పై ఏళ్లుగా వేస్తున్నవే,
ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో తెలియనివి.
ఏజెంటు ముక్కకింతని లెక్కేస్తాడు.
దీనికి లెక్క లేదు.
కరెంటు పోయినా వేళ్లు ఆగలేదు.
ఇనుము రంగు రావాలని
కరక్కాయల్లో తుప్పు మేకులు ఉడికించాం,
అన్నం గిన్నె ఒకటి పాడైంది.

నర్సాపురం కాలేజీ మెట్లు దిగి
పిల్ల నడిచొస్తుంటే చప్పుడే లేదు.
ఉక్కయితే గలగలమనేది.
"కత్తి దిగదా ఇందులోకి?" అన్నాడో కుర్రాడు.
దిగుద్ది నాయనా,
అన్నీ కన్నాలేగా.

ఇంటికొచ్చి దీపం ఎత్తి చూశాను.
మొహం ఇంకా ఖాళీయే.
కత్తి పట్టిన చేతికి మాత్రం
చూపుడు వేలి పక్కన చిన్న కాయ గీసి ఉంది,
సూది రాసుకుపోయే చోట.

ఇది పుస్తకంలో ఉందంటే?

పెన్సిలు పళ్ల మధ్య పెట్టుకుని
హెప్సీబా
ఆ పేజీ వెతుకుతోంది.