అడగొద్దు

పర్లాకిమిడిలో మా గ్రంథాలయానికి
కంప్యూటరు వచ్చిన రోజున
తామాడ గురయ్య గారు కొబ్బరికాయ కొట్టబోతే
నేనే ఆపాను,
నీళ్లు కీబోర్డులోకి పోతాయని.
అలిగారు. మధ్యాహ్నం దాకా పలకలేదు.

సాఫ్ట్‌వేరు భువనేశ్వరం నుంచి దిగింది.
భాష అన్నచోట నొక్కితే జాబితా జారుతుంది:
ఒడియా, హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం,
అట్టడుగున ఇతరములు.
పదకొండు వేల తెలుగు పుస్తకాలు
ఆ ఒక్క మాటలో దూరాలి.

"ఇతరములంటే ఎవులమ్మా?"
"మనమేనండీ."

అచ్చయిన చోటు: గంజాం జిల్లా, మద్రాసు
అని లోపలి పుటలో ఉంది.
తెర ఎర్రబడింది: చెల్లని రాష్ట్రం.
మా ముత్తాత పుట్టిన రాష్ట్రమది.
ఆయన అరుగు మీంచి కదల్లేదు,
రాష్ట్రమే లేచి వెళ్ళిపోయింది.

రాత్రిళ్ళు కూర్చుని మరమ్మతు మొదలెట్టాను.
జాబితాలో తెలుగు చేర్చడం ఐదు నిమిషాలు.
అక్షరాల వరుస కుదర్చడం ఐదు వారాలు.
యంత్రం బండి ఱ ను తెచ్చి
ర పక్కన కూర్చోబెట్టింది.
గురయ్య గారు ఒప్పుకోలేదు:
"అది ఆకర్న నిలబడాల.
నాను బళ్ళో సదివిన కాడ్నించి దాని సోటది."
మార్చాను. ఏం చేస్తాను,
పలకరింపు మళ్ళీ ఆగిపోతే కష్టం.

సెరంగో వైపు నుంచి ఎస్తేరు రైకా
సవర పాటల పుస్తకం పట్టుకొచ్చింది, వాళ్ళ లిపిలో.
పేరు ఎక్కిస్తే తెర నిండా ఖాళీ గడులు.
ఆ పిల్ల ఒక్కో గడినీ వేలితో తాకుతూ
తడబడకుండా చదివేసింది.
పుస్తకం ఆమెకు కంఠతా వచ్చు.

ఇక సొరుగులు. ముప్పై రెండు.
అన్నింటా గురయ్య గారి గుండ్రటి రాత.
"చెదలు, నలభై నుంచి యాభై రెండో పుట దాకా."
"మంగలి షాపులో ఉంది."
"వాన."
నూట పదిహేను కార్డుల మీద ఎర్ర సిరాతో
ఒకటే మాట: అడగొద్దు.

దానికి యంత్రంలో చోటు లేదు.
వదిలేశాను. నేనే వదిలేశాను.

తెల్లారి యంత్రం తన పని తాను చేసింది:
నలభై ఏళ్ళు,
పద్నాలుగు వేల ఆరువందల పది రోజులు,
రోజుకు పావలా,
ఫోన్లకు సందేశాలు.

మూడో రోజు పాతపట్నం నుంచి ఆటోలో
సరిహద్దు దాటి ఒకాయన వచ్చాడు.
జేబు రుమాలు విప్పి బల్ల మీద లెక్కపెట్టాడు,
మూడు వేల ఆరువందల యాభై రెండు.
"ఆ అర్ధరూపాయి బిళ్ళ ఎక్కడా దొరకనేదు బాబూ.
మా నాయిన తాలూకు బాకీ.
పుస్తకం ఆయన్తో పాటే కాటిలో ఎట్టీసినాం.
అదే సదవమన్నాడు ఆకరి రేత్రి."

గురయ్య గారు నోట్లన్నీ రుమాల్లో మడిచి
ఆయన జేబులోనే పెట్టారు.
నా వైపు చూడలేదు.
చూసుంటే బాగుండేది.

ఆ రాత్రి కొత్త గడి కట్టాను.
పేరు: అడగొద్దు.
విలువ: అవును, లేదా కాదు.
ఎవరూ ఏమీ నింపకపోతే
ఏదని అనుకోవాలి? యంత్రానికి అది ముందే చెప్పాలి.

టీ గ్లాసు కింద పెట్టి
చాలాసేపు ఆలోచించారాయన.
"అందరికీ అవునని ఎట్టీ.
కాదన్నోలు కనిపిస్తే అప్పుడు మార్సుదాం."

సవర గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.
ఫాంటు దిగుతోంది, నలభై శాతం,
పాతపట్నం టవరు దయ.
బల్లకు అవతల ఎస్తేరు మాత్రం
నిమిషానికోసారి అడుగుతూనే ఉంది:
ఎంతయింది? ఎంతయింది?