పాలబండికి దారివ్వండి

ఆ కాలేజీకి ఆడిటోరియం లేదు.
ఆవుల్ని అమ్మేశాక మిగిలిన కొట్టం ఉంది.
గచ్చు చేయించి, మూడొందల కుర్చీలడిగితే
ఎనభై ఇచ్చారు.
ఎదురుగా నా వంటగది.
ఫ్యూజు పెట్టె తాళంచెవి నా మెడలో.

వెర్మాంట్ కొండల్లో మేపుల్ ఆకులన్నీ రాలి
మంచు ఇంకా మొదలవని బోసి రోజులు.
ఎనభై అయిదు, అక్టోబరు ఆఖరి రాత్రి,
డొక్కు వ్యానులోంచి నలుగురు కుర్రాళ్లు దిగారు.
డ్రమ్ములు వాయించే ఓరిన్
వాళ్ల నాయనమ్మ పెళ్లిగౌను తొడుక్కున్నాడు.
గిటారు ప్రెస్కాట్ ఒంటికి పిండి పూసుకుని
"నేను దెయ్యాన్ని" అన్నాడు. పిండి నాదే,
అడక్కుండా తీశాడు.

విన్నది పంతొమ్మిది మంది.
కుక్కని కలిపితే ఇరవై.
వాళ్లు పాట ఎత్తుకునేసరికి
నేను బంగాళాదుంపల బస్తా విప్పుతున్నాను.
బస్తా అయిపోయింది.
పాట అవలేదు.
ఎక్కడికో పోయింది, దారి తప్పింది,
తప్పిన దారే బావుందనుకుందేమో
అక్కడే కాసేపు చతికిలబడింది,
తర్వాత ఎవరో కేకేసినట్టు లేచి
మొదలెట్టిన చోటికే వచ్చి తలుపు తట్టింది.
నేను చేతిలో చాకుతో అలాగే నిలబడ్డాను.
మా ఆయన రేమండ్ ఇదే పని చేస్తే
నాలుగు తిట్టి అన్నం పెట్టేదాన్ని.

మరుసటేడు నూటయాభై మంది.
కాగితపు రెక్కలు, అట్టపెట్టె తలలు,
లోపల దీపం పెట్టుకు నవ్వే గుమ్మడికాయలు గోడవార.
చెవిపోగు కుర్రాడొకడు
నా తుడుపుకర్ర కొసకి రెండు మైకులు కట్టి
బ్యాటరీ టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని
ప్రార్థనలో ఉన్నట్టు కూచున్నాడు.

అర్ధరాత్రి దాటాక ఫ్యూజు పోయింది.
చీకటి.
గిటార్లు మూగబోయాయి, డ్రమ్ము మాత్రం ఆగలేదు.
ఎవరో కుర్చీ మీద దరువందుకున్నారు,
ఎవరో నా పళ్లేల మీద,
ఆ గుమ్మడికాయల వెలుగులో
ముసుగులన్నీ తీసేసిన మొహాలు.
కొత్త ఫ్యూజు నా గుప్పెట్లోనే ఉంది.
రెండు నిమిషాల పని.
పదకొండు నిమిషాలు చేశాను.
ఈ మాట ఇప్పుడే చెప్పడం.

కరెంటొచ్చింది. తెల్లారుతోంది.
పాట సన్నబడి సన్నబడి
దారప్పోగంత మిగిలింది,
ఎవరూ ఊపిరి కూడా తీయట్లేదు,
అప్పుడు బయట హారను.
నేను తలుపు తన్ని లోపలికొచ్చి అరిచాను:
"పాలబండికి దారివ్వండి!
ఆ ఆకుపచ్చ కారెవరిదిరా?"

ప్రెస్కాట్ నావైపు చూశాడు.
నా అరుపునే తీగ మీద వాయించాడు,
ఎత్తు దగ్గర ఎత్తు, విరుపు దగ్గర విరుపు.
జనం అందుకున్నారు.
కారు మాత్రం ఎవరూ తీయలేదు.

మూడో ఏడు ఆరొందల మంది వచ్చారు,
ఊళ్లోంచి ఫైరు ఆఫీసరూ వచ్చాడు.
ఆ తర్వాత వాళ్లు మళ్లీ రాలేదు.
ఇప్పుడు స్టేడియాల్లో వాయిస్తారట.
ఆ టేపు చేతులు మారి మారి
నేనెప్పుడూ చూడని ఊళ్లు చూసిందట.
పాట సన్నబడగానే
ముప్ఫై వేలమంది చీకట్లో లేచి
పాలబండికి దారడుగుతారట.

నిన్న మందుల షాపులో
కౌంటరు దగ్గర పిల్ల చొక్కా మీద ఆ మాటలే.
దాని కింద బొమ్మ: గరిటె పట్టుకున్న మంత్రగత్తె.
నా ముక్కు అంత పొడవు కాదు.
"ఇదేమిటో తెలుసా అవ్వా?" అంది నా చూపు గమనించి.
గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు
ఫ్యూజు సంగతి నోటిదాకా వచ్చింది.
మింగేశాను.

బీపీ మాత్రలు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి,
గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి అడిగాను:
"ఇంతకీ ఆ కారెవరిదో
మీలో ఎవరికైనా తెలిసిందా?"