పద్నాలుగో విభాగం

మార్చి మొదటి శనివారం, సౌత్‌లాండ్‌లో
ఎండ ఉన్నా చలికోటు విప్పబుద్ధి కాని రోజు.
పొట్టేళ్ల దొడ్డికీ, ఉన్ని కత్తిరించే అరుగుకీ నడుమ
రేకుల షెడ్డులో మా బల్లలు.
తెల్లకాగితం పరిచి, మూలలకి గుండుసూదులు గుచ్చి
ముప్పై రెండేళ్లుగా ఇక్కడ చీటీలు రాసేది నేనే.

ఏ ఏడు ఊరికి ఏ పిచ్చి పట్టిందో
నన్నడగండి, చెబుతాను.

నేను చేరిన కొత్తలో మఫిన్లు.
మొదట పిడికిలంత, రానురాను పసిబిడ్డ తలకాయంత.
క్యారెట్ కేకు అప్పటికే పాతకాపు:
ఆరోగ్యం పేరు చెప్పుకుని దూరింది
చంకలో అరకిలో చక్కెర దాచుకుని.
కప్‌కేకుల ఏడాది పిల్లల నాలుకలు నీలం,
బల్లగుడ్డలు నీలం, జడ్జి గారి పళ్లు నీలం.
మకరాన్లు రెండేళ్లు కూడా నిలవలేదు.
మా వానగాలికి నెర్రెలిచ్చాయి.
ఎవరూ బాధపడలేదు, ఒక్క మోయిరా తప్ప.

తర్వాత ఊరంతా తలుపులు మూసుకున్న ఏడు.
దుకాణంలో పిండి లేదు. ఈస్టు లేదు.
కంచె మీంచి చేతులు చాచి
పులిసిన పిండి సీసాలు ఇచ్చిపుచ్చుకున్నారు,
ఇరవయ్యేళ్లుగా పలకరింపు లేని ఇళ్లవాళ్లు కూడా.
సీసాలకి పేర్లు పెట్టారు. ఒకదాని పేరు గ్లాడిస్.
గ్లాడిస్‌కి జలుబు చేసిందని
ఫోను చేసి మరీ చెప్పుకున్నారు.
తలుపులు తెరిచాక నా బల్ల మీద పంతొమ్మిది రొట్టెలు!
ఇప్పుడు మూడు.

ఇప్పుడంతా నల్లటి నెత్తి చీజ్‌కేకు.
మాడితే మా అమ్మ కోళ్లకి వేసేది.
ఇప్పుడు మాడితేనే బహుమతి.

పద్నాలుగో విభాగం: స్పాంజి కేకు, పూత లేకుండా.
పాత పుస్తకంలో ఒక ఏడు ఇరవయ్యారు పళ్లేలు.
పోయినేడు రెండు. ఈ ఏడు ఒకటి.
కొట్టేద్దామని కమిటీ ఎప్పుడో అనుకుంది,
ఎర్రపెన్ను నా చేతికే ఇచ్చింది.

ఎఫీ మకార్కిండేల్‌కి ఎనభై నాలుగు.
స్పాంజి మీద వేలు పెట్టి నొక్కి, తీసి,
ఊపిరి బిగబట్టి చూస్తుంది,
గుంట తిరిగి పైకొస్తుందా, అక్కడే పడుకుంటుందా అని.
వచ్చింది. నెమ్మదిగా,
నిద్రలేచి ఒళ్లు విరుచుకుంటున్నట్టు.

"ఎవరిది?"

పాలషెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు,
రబ్బరు బూట్లు, పదహారేళ్లు, రావిరి పరాటా.
"ఎవరు నేర్పారు?"
"ఫోన్లో చూశానండీ. నలభై సెకన్ల వీడియో.
పదకొండుసార్లు చప్పబడిపోయింది.
పన్నెండోసారి బాతుగుడ్లు వేసి చూశా."

ఎఫీ కత్తి కింద పెట్టింది.
బాతుగుడ్ల సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు,
అడిగిన కోడళ్లకీ,
రాసిచ్చిన కాగితాల్లోనూ.
పక్కన నిలబడి ముప్పై రెండేళ్లు చీటీలు రాసిన నాకు
ఆ క్షణంలో, ఆ మొహం చూశాక తెలిసింది.

"బాతులెవరివి?"
"మా వెనక వాగులోవి. ఎవరివీ కావు."

ఒక చిన్న ముక్క తిని నీళ్లు పుక్కిలించడం ఆనవాయితీ.
ఆవిడ నీళ్లు ముట్టలేదు.
ముక్కంతా తినేసింది, వేలికంటిన పొడి కూడా.
కేకు తిరగేసి అడుగు చూసింది.
"జాలీ అచ్చు పడింది. మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టాలి.
రెండో బహుమతి."

ఉన్నది ఒక్క కేకు.
దానికి రెండో బహుమతి!
కుర్రాడు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు,
గుమ్మం దగ్గర తిరిగి, "ఏ గుడ్డండీ?" అన్నాడు.

మంగళవారం కమిటీ.
మొదటి బహుమతి ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చెప్పాలి.
ఎర్రపెన్ను కనబడలేదు.
నేను పెద్దగా వెతకలేదు కూడా.