కొలువు

ఆర్నెల్లు తరగతి, ఆర్నెల్లు కార్ఖానా.
మాది సాండ్‌విచ్ డిప్లొమా అంటారు.
రొట్టె ఏదో, మధ్యలో నలిగేది ఏదో
చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

వ్యాసర్పాడిలో లోకల్ ఎక్కి
పట్టరవాక్కంలో దిగేలోపు
మోచేతులు ఆడే చోటు దొరికితే
స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ రెండు పేజీలు.
దొరక్కపోతే, నా మెటీరియల్ ఎంత గట్టిదో
నాకే తెలుస్తుంది.

అంబత్తూరు ఎస్టేట్‌లో కటింగ్ ఆయిల్ వాసన
గేటు బయటికొచ్చి మరీ పలకరిస్తుంది.
ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, డ్రాయింగులో ఇంగ్లీషు.
లేత్ ముందు మాత్రం చెవి ఉంటే చాలు.

మొదటి వారం నలభై బుష్షులు తిప్పాను.
వేడివేడిగానే మైక్రోమీటర్ పెట్టాను.
అన్నీ సరిగ్గా ఉన్నాయి.
మధ్యాహ్నానికి చల్లారి
అన్నీ ఒక వెంట్రుక తక్కువయ్యాయి.
ఎర్ర ట్రేలో నలభై ఉంగరాలు
ఏ వేలికీ పనికిరానివి.

ఏకాంబరం గారు తిట్టలేదు.
ముప్పయ్యేళ్లుగా అదే లేత్, అదే స్టూలు.
డ్రాయింగులో అక్షరం చదవరు, గీత చదువుతారు.
"ముందు టీ తాగు, తర్వాత కొలువు" అన్నారు.
అన్నది తమిళంలోనే,
నాకు తెలుగులో వినిపించింది.
మనకి కొలవడానికీ, జీతం వచ్చే పనికీ
ఒక్కటే మాట కదా.

జూన్‌లో మళ్లీ బెంచీ.
బోర్డు మీద ఉష్ణ వ్యాకోచ గుణకం,
దశాంశం తర్వాత సున్నాల క్యూ.
"ఎంతసేపు చల్లారనివ్వాలి?" అని మాస్టారు
ఎవరినో అడిగితే నేను అనేశాను:
"ఒక టీ అంతసేపు సార్."
క్లాసంతా నవ్వింది.
ఆయన సుద్దముక్క పట్టుకుని కాసేపు ఆగి
"గ్లాసు ఎంతది?" అన్నారు.

డిసెంబరులో షెడ్డుకి తిరిగొచ్చి
ఆ గుణకాన్ని లేత్ మూత మీద సుద్దతో రాశాను.
"ఏమిటిది?"
"మీ టీ అండి, అంకెల్లో."
ఆయన వేస్టుగుడ్డతో మూతంతా తుడిచారు,
ఆ అంకెల్ని వదిలేసి.

స్టైపెండు తొమ్మిది వేలు.
దాంతోనే సెమిస్టర్ ఫీజు కట్టాను, రసీదు నా పేరునే.
వచ్చే ఏడు డిప్లొమా చేతికొస్తే
నా జీతం ఆయన జీతాన్ని దాటుతుంది.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తం.

టీ డబ్బులు ఇంకా ఆయనే ఇస్తున్నారు.
నిన్న నేను ఇవ్వబోతే
చెయ్యి అడ్డం పెట్టి అన్నారు:
"ఉండు. ఇంకా వేడిగా ఉన్నావు."