సున్నా పాయింట్ ఆరు

సంచి మూతి విప్పగానే
ల్యాబంతా నాని మురిగిన మేజోళ్ళ కంపు.
"ఏటమ్మా, ఎలక్కానీ సచ్చినాదేటి?"
గుమ్మంలోంచే అడిగాడు వాచ్‌మన్ కూర్మినాయుడు.
కాదు, తగర వేరు.
మందస కొండ దిగి, పలాస దాకా జీపులో,
అక్కణ్ణుంచి ఆమదాలవలసకి పాసింజరు బండిలో వచ్చింది.
పక్క సీట్లన్నీ ఖాళీ అయిపోయాయట.

నూరు గ్రాములు తూచాను.
వేలెడు పొడవు, వానపాము లావు,
ఒళ్ళంతా నెరిసిన గడ్డంలాంటి పీచు.
నలగ్గొట్టి గుండ్రటి సీసాలో వేసి
నీళ్ళు పోసి మంట పెట్టాను.
నాలుగ్గంటలు మరగాలి.
ఆవిరి గాజు మెడ ఎక్కి, చల్లబడి, దిగి
వెంట తెచ్చుకున్నదాన్ని
సన్నగొట్టంలో నీటి మీద వదిలిపోతుంది.
ఎన్ని గీతలు తేలిందో చూసి రాయడం
నా ఉద్యోగం.

భాద్రపదంలో తవ్విన మొదటి సంచి:
సున్నా పాయింట్ రెండు.
దోమ కంటికి కాటుక పెట్టడానికైనా చాలదు.
"రకం నాసి" అని రిజిస్టర్లో రాసేశాను అప్పుడే.

ఇది రెండో సంచి. అదే మడి, అదే నారు.
పైన బొగ్గుతో ఒక అడ్డగీత.
తవ్వింది సవర గురుబారి.
ఆ మొదటి రోజు నేను కొండెక్కినప్పుడే అంది:
"ఇప్పుడొద్దమ్మా, ఆకు ఇంకా మాటాడతంది.
పండి రాలిపోవాల. మంచు రెండు దఫాలు దిగాల.
అప్పుడు సరుకంతా కిందకి పోద్ది."
నేను ఫారం చూపించాను,
తేదీ అచ్చేసి ఉంది కదా అని.
ఆమె ఆ కాగితాన్ని వాసన చూసి
తిరిగిచ్చేసింది.

రాత్రి పదకొండు.
గొట్టంలో పసుపచ్చటి ఉంగరం.
పాయింట్ నాలుగు. చూస్తుండగా అయిదు.
ఎక్కడి పిల్లో, కిటికీ దూకి వచ్చి
వేళ్ళ తుక్కులో పొర్లుతోంది
బారసాలలో తప్పతాగిన మేనమామలా.
ఆరు.

కూర్మినాయుడు స్టూలు మీదే కునుకుతున్నాడు,
"ఈ కంపుకి నిద్దరెలాగొస్తాదమ్మా" అన్నవాడే.
నాకు రాదు.
మూణ్ణెల్లుగా తెల్లార్లూ మెలకువే.
ఎందుకని అడిగితే
కరెంటు బిల్లు దగ్గర మొదలుపెట్టగలను.

"రకం నాసి" కొట్టేశాను.
దాని బదులు ఏం రాయాలో తోచలేదు.
తేదీకి గడి ఉంది, తేమ శాతానికి గడి ఉంది,
ఆకు మాటాడ్డం ఎప్పుడు మానేసిందో
రాసే గడి లేదు.
మార్జిన్లో పెన్సిల్‌తో ఒక అడ్డగీత గీశాను.

సీసా కడిగాను. చేతులు కడిగాను.
సబ్బు అరిగింది గానీ వాసన పోలేదు.
పాత వంతెన కింద నాగావళి
చప్పుడు లేకుండా ఉంది, ఉందో లేదో.
ఇంటికెళ్ళి, అరచెయ్యి చెంప కింద పెట్టుకుని
ఊరికే ఒరిగాను.

పాలవాడు తలుపు బాదుతుంటే
పాపం, ఎవరింట్లోనో లేవడం లేదు
అనుకున్నాను.