కర్త లేని వాక్యం

ఇరవై ఆరేళ్లు చట్టాలు రాశాను.
ఒక్కదానిమీదా నా పేరు లేదు.
సంతకం మంత్రిది, ముద్ర గవర్నరుది,
కామాలు మాత్రం నావి.

సెయింట్ జాన్స్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తు.
కిటికీకి ఎప్పుడూ పొగమంచు ఆనుకుని ఉండేది,
లోపల ఏం రాస్తున్నారో అని
వంగి చూసే గుమాస్తాలా.
మా పెద్దాయన హాలెట్ ఎర్ర పెన్సిల్ ఊపుతూ అనేవాడు:
"అందం వద్దు, బ్రైడ్. తడి అసలే వద్దు.
చట్టం ఉప్పుచేపలా ఉండాలి,
ఎన్నేళ్లయినా కుళ్లకూడదు."
నేను ఎండబెట్టాను.

పీతల ఫ్యాక్టరీ కార్మికుల పరిహారం బిల్లు
మార్చిలో వచ్చింది, బడ్జెట్ హడావిడిలో.
ఉడికే పీతల ఆవిరి పీల్చి పీల్చి
ఊపిరి బిగుసుకుపోయేవాళ్ల కోసం.
గడువెంత పెడదామన్నారు ఆర్థికశాఖ వాళ్లు.
ఏడాదంటే ఖర్చు. మూడు నెలలంటే పేపర్లలో గోల.
హాలెట్ ఆరోజు పన్ను పీకించుకోడానికి వెళ్లాడు.
టేబుల్ మీద నా సూప్ చల్లారిపోతోంది.
"వ్యాధి లక్షణములు గుర్తింపబడిన నాటి నుండి
ఆరు నెలల లోపు" అని రాసి
సూప్ తాగాను.

రిటైరయ్యాక గురువారాలు
పెన్నీస్ ఆర్మ్‌లో చర్చి కింది గది.
మడత కుర్చీలు, పెద్ద టీ డ్రమ్ము, ఫీజు లేదు.
డార్కస్ పిన్సెంట్ ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది:
రెండు ఇన్‌హేలర్లు, జీతం చీటీలు,
క్లెయిము తిరస్కరింపబడినది అనే ఉత్తరం.
మూడు మాటలకోసారి ఆగేది,
కూర్చునే మెట్లెక్కుతున్నట్టు.

ఉత్తరంలో రెండో పేరా నాది.
కామాతో సహా.

"ఇలాంటివి ఎవరు రాస్తారమ్మా?"
కోపంగా కాదు, నిజంగానే అడిగింది.
నేను ఆమె టీలో పాలు పోశాను.
ఆమె వద్దనేదాకా పోస్తూనే ఉన్నాను.

దగ్గు మొదలైంది రెండో సీజన్‌లో.
జలుబనుకుంది. సీజన్ అయిపోతే తగ్గేది,
పీతలతోపాటు మళ్లీ వచ్చేది.
డాక్టరు వచ్చేది నెలకొకసారి, మంచు లేకపోతే.
పీత ఉబ్బసం అని ఆయన పేరు పెట్టేసరికి
పదకొండో నెల.

ఆ రాత్రి నా వాక్యాన్ని పరాయిదాన్లా చదివాను.
గుర్తింపబడిన.
ఎవరిచేత?
హాలెట్ ఉంటే సున్నా చుట్టేవాడు: కర్త ఏదీ?
గుర్తింపబడును, నిరాకరింపబడును, తొలగింపబడును.
చేసినవాడు ఎక్కడా ఉండడు,
పడినవాడే మిగులుతాడు.
ఆ బుల్లి 'బడు' చాటున
ఒక జీవితమంతా తలదాచుకున్నాను,
పెన్షన్ కూడా తీసుకుంటున్నాను.

విచారణ ఒక హోటల్ మీటింగు గదిలో.
గుర్తించడమంటే దగ్గడం కాదన్నాను.
పేరు తెలియడం. ఆమెకి తెలియడం.
అధ్యక్షురాలు కళ్లద్దాలు దించింది:
"శాసనసభ ఉద్దేశం అదేనని మీకెలా తెలుసు?"

శాసనసభ ఉద్దేశం.
నాకు సూప్ గుర్తొచ్చింది, పైన కట్టిన మీగడ.
"ఉద్దేశం ఏమీ లేదండీ," అన్నాను,
"ఆ వాక్యం రాసింది నేనే."

అవతలి కుర్రలాయరు పెన్ను కింద పడేశాడు.
డార్కస్ మాత్రం తల తిప్పలేదు.
చేతుల్లో సంచీ గరగరమంది.

నిర్ణయము తరువాత తెలియజేయబడును అని
చీటీ ఇచ్చారు.

తిరుగుదారి నాలుగు గంటలు.
రెండో గంటలో అడిగింది: "ఆరే ఎందుకు?"
చెప్పాను. ఏ సూపో కూడా చెప్పాను.
నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి జారి
ఎంతకీ ఒడ్డుకు రాలేదు.
కారు పక్కకాపి, ఇంజన్ కట్టేసి,
పొగమంచులో అంకెలు లెక్కపెడుతూ కూర్చున్నాను,
ఒకటి, రెండు, మూడు,
ఆరు దాటాక కూడా.