లకుముకి

ఆ పథకానికి లకుముకి అని పేరు.
ఎవరు పెట్టారో తెలీదు, మార్చిలో ఫైలు మీద అచ్చై వచ్చింది.
నలుగురికి తప్ప తెలియకూడదన్నారు.
ఐదోదాన్ని నేను,
ఫోటోకాపీ మిషను దగ్గర నిలబడే మనిషిని ఎవరూ లెక్కెయ్యరు.

వెల్బర్ట్‌లో మేం తాళాలు చేస్తాం,
తలుపు పిడులు, బందులు,
ఉత్తరాలు వేసే ఇత్తడి రెప్పలు.
నూట పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో
ఏ గుమ్మం ముందు నిలబడ్డా చేతికి తగిలేది మా సరుకే.

ముందు తూకం.
వయసుకు ఏడాదికొకటి, సర్వీసుకు ఏడాదికొకటి,
పెళ్ళయితే ఎనిమిది, పిల్లకు నాలుగు,
వైకల్యముంటే ఐదు.
బరువున్నవాళ్ళు ఉంటారు, తేలికైనవాళ్ళు పోతారు.
అన్యాయమని అనను.
ముఖం చూసి తీసేసే చోట్లతో పోలిస్తే ఇది దయే.
దయకు కూడా ఇక్కడ గడి గీసి పెడతారు.

కార్మికుల తరఫున గెర్నోట్ మూడు రాత్రులు కూచున్నాడు,
చల్లారిన కాఫీ ముందు, చొక్కా చేతులు మడిచి.
డెబ్భై నాలుగుని అరవై ఒకటి చేశాడు.
దక్కిన పదమూడు మందికి తాము దక్కామని తెలీదు,
పోయిన అరవై ఒక్కమందికి
తిట్టుకోవడానికి దొరికే పేరు అతనిదే.

తర్వాత మేనేజర్లకు ఒక పూట శిక్షణ.
మొదటి వాక్యంలోనే చెప్పెయ్యాలి.
ఏడు నిమిషాలు దాటకూడదు.
నాకూ బాధగా ఉంది అనకూడదు.
కాగితం రుమాళ్ళ పెట్టె గదిలో ఉండాలి,
కానీ బల్ల మధ్యలో కాదు,
ఏడవమని చెప్పినట్టుంటుందట.
ఆ పెట్టెలు నేనే కొన్నాను. డజను. రసీదు ఉంది.

కొలిమి దగ్గర జెకేరియా, డెబ్భై రెండు.
ఊవే, డెబ్భై నాలుగు.
గీత ఆ రెంటి మధ్య పడింది.

అంతకు నెల ముందు క్యాంటీన్లో
జెకేరియా నాకో ఫోటో చూపించాడు,
నలుపూ తెలుపూ, మసక, మధ్యలో చిక్కుడు గింజంత.
పుడితే నాలుగు.
పుట్టకపోతే సున్నా.
నాకు తెలుసు, పట్టికకు తెలీదు.
అడిగాను. ఒక్కసారి, నిలబడే.
"ఆ తేదీ నాటికి ఉన్నవాళ్ళే లెక్క" అన్నారు,
కోపంగా కాదు, టైము చెప్పినట్టు.
గెలిచి ఉంటే ఊవే పోయేవాడు, అదీ తెలుసు.
రెండోసారి అడగలేదు.
చెప్పాలనుకుంది ఇదొక్కటే,
మిగతాదంతా దీని చుట్టూ కట్టుకున్న గోడ.

ఈమెయిల్ చెల్లదు. కాగితం కావాలి, తడి సిరా కావాలి.
డైరెక్టరు అరవై ఒక్క సంతకాలు చేశాడు,
నలభైల్లో ఎక్కడో కలం మార్చాడు,
ఆ తర్వాత పేరులో చివరి అక్షరం రాయడం మానేశాడు.

నెలాఖరు. వాన పడీ పడనట్టు.
కంపెనీ కారు, ఒడిలో కవర్లు,
పక్కన సాక్షిగా రోజ్‌విథా.
సెలవు పెట్టినవాళ్ళ ఇళ్ళకు మేమే వెళ్ళాలి,
అర్ధరాత్రి లోపు పెట్టెలో పడాలి, లేకపోతే
కంపెనీకి ఇంకో నెల జీతం దండగ.

జెకేరియా తలుపుకి ఇత్తడి రెప్ప.
మా సరుకే. అతను పోసిందే అయ్యుండొచ్చు.
స్ప్రింగు మెత్తనిది, చప్పుడు చెయ్యదు,
కేటలాగులో దాని గురించి రెండు వాక్యాలున్నాయి.
నేను వేలు అడ్డం పెట్టి మూయాల్సిన పని లేకపోయింది.

లోపల ఎవరో కుళాయి కట్టేశారు.

రాసుకున్నాను: పదహారు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు.
రోజ్‌విథా కింద సంతకం పెట్టింది.
కారెక్కాక అడిగింది,
లకుముకిని ఎప్పుడైనా చూశావా నువ్వు, అని.
లేదన్నాను.
నీళ్ళ మీద కొమ్మన కదలకుండా కూచుంటుందట,
అక్కడ లేనట్టే.

ఇంకా పదిహేడు ఇళ్ళున్నాయి.